మన కాలనీ సంక్షేమ సంఘం, సింగ్‌నగర్, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక వీధిదీపాలతో మొదలై చందా బకాయిల దగ్గర ఆగుతుంది. ఈసారి థ్యాంక్స్ చెప్పాల్సినవాళ్లే చాలామంది ఉన్నారు కాబట్టి బకాయిల సంగతి చివర్లో చూద్దాం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఎగువన బుడమేరు వాగు మళ్లింపు కాల్వకు గండ్లు పడ్డాయన్న కబురు చేరేలోపే నీళ్లు మన గుమ్మాలు దాటేశాయి. ఆ కాల్వ వెళ్లి కలవాల్సింది కృష్ణలో. ఆ కృష్ణే పొంగిపొర్లుతోంది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఇక నీళ్లకు దారేది? కింది పోర్షన్ల వాళ్లు పిల్లల్ని, సర్టిఫికెట్లని, గ్యాస్ సిలిండర్లని పట్టుకుని మేడ మీదికి చేరారు. పై పోర్షన్ల వాళ్లు అద్దెవాళ్లా సొంతవాళ్లా అని చూడకుండా తలుపులు తీశారు. ట్యాంకులో మిగిలిన నీళ్లు చెంబుల లెక్కన పంచారు. బొంబాయి రవ్వ అయిపోయేదాకా మేడ మీద ఒకే స్టవ్వు అందరికీ వండిపెట్టింది. ఆ ఇళ్లవాళ్లకు మా మొదటి కృతజ్ఞతలు.

కరెంటు పోయాక అసలు టెన్షన్ ఫోన్ ఛార్జింగ్‌ది. మన వాట్సాప్ గ్రూపు అడ్మిన్, డిగ్రీ చదివే అమ్మాయి, ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టింది: “ఫొటోలు, వీడియోలు, వాయిస్‌లు వద్దు. డోర్ నంబరు, ఎంతమంది ఉన్నారు, ఏం కావాలి. అంతే.” పెద్దవాళ్లం కూడా కిక్కురుమనకుండా విన్నాం. ఇన్సులిన్ ఎవరికి, పాలపొడి ఏ పాపకి అన్నది ఆ అమ్మాయి కాగితం మీద ఎక్కించుకుని, ఫ్లైఓవర్ దగ్గర కాచుకుని ఉన్న మన కుర్రాళ్లకు ఫోన్లో చదివి వినిపించేది. మెయిన్ రోడ్డు మీద బోట్లు తిరిగినా మన సందుల్లోకి రాలేకపోయాయి. కుర్రాళ్లు లారీ ట్యూబుల మీద సరుకు వేసి, ఛాతీలోతు నీళ్లలో తోసుకుంటూ తెచ్చారు. మధ్యలో “బ్యారేజీ తెగిందట” అని ఒక ఫార్వర్డ్ వచ్చి ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేకుండా చేసింది. పెట్టినవారి పేరు ఇక్కడ రాయడం లేదు, వారికి తెలుసు.

కాలనీలో లేని పిల్లల్ని గ్రూపులో ఎందుకు ఉంచాలని నిరుడు సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. మనకు అర్ధరాత్రయితే అమెరికాలో పగలు. ఇక్కడ ఫోన్లన్నీ ఆగిపోయిన వేళల్లో కంట్రోల్ రూముకు మళ్లీ మళ్లీ ఫోన్లు కొట్టింది వాళ్లే.

చవితి నాటికి గండ్లు పూడ్చారు, ఆ పనికి సైన్యం కూడా వచ్చింది. మనం పందిరి వేయలేదు. పందిరి కోసమని వసూలు చేసిన చందా ఫినాయిలుకీ, బ్లీచింగ్ పౌడరుకీ ఖర్చయింది. నీళ్లు తీశాక మిగిలింది బురద, ఆ వాసన. బయటి ఊళ్ల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు, నీళ్లోడుతున్న పరుపుల్ని నలుగురేసి పట్టుకుని ట్రాక్టర్లలోకి ఎత్తారు. వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపాం. అది సరిపోయే కృతజ్ఞత కాదు.

ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉన్న ప్రతివారూ రెండో వీధిలోని రిటైర్డ్ గుమాస్తా గారి అరుగెక్కారు. ఆయన తన ఇంటి బురద పూర్తిగా కడగకముందే అందరి దరఖాస్తులూ నింపారు.

ఆ తర్వాత గ్రూపు మళ్లీ మామూలు దారిన పడింది. ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, ప్లంబర్ నంబరు ఎవరి దగ్గరుంది, మా కరివేపాకు చెట్టు గోడ మీదికి వాలింది, కావాల్సినవాళ్లు కోసుకోండి. గుడ్‌మార్నింగ్ బొమ్మలు ఆపేయాలని కార్యవర్గంలో తీర్మానం దాకా వచ్చింది. సరిగ్గా ఆ వారమే, రోజూ తెల్లారకముందే బొమ్మ పెట్టే మాస్టారు ఒకరోజు తొమ్మిదైనా పెట్టలేదు. ఒంటరిగా ఉంటారు కదా అని పక్కింటావిడ వెళ్లి చూస్తే, ఆయన జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నారు. తీర్మానం వాయిదా పడింది. నా మట్టుకు దాన్ని మళ్లీ ఎత్తకపోవడమే మంచిది.

సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది. వీధిదీపాలు మార్పించాం. మురుగుకాల్వ పూడికతీత సగంలో ఆగింది, అర్జీ మళ్లీ ఇచ్చాం. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు.

చందా బకాయిలు ఈ నెలాఖరులోగా చెల్లించగలరు. సామాన్లు పోయినవాళ్లు వాయిదాల్లో ఇచ్చినా సరే. మన అడ్మిన్ అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. గ్రూపు చూసుకోవడానికి, డోర్ నంబర్లవారీగా మందుల జాబితా వర్షాలకు ముందే సరిచేసి పెట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ముందుకొచ్చేవారు సభ రోజే పేర్లివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి