రెండేళ్లయినా ఉండనివ్వరా?

సంపాదకుడికి,

పోలీసు బదిలీల జాబితాలు చూసినప్పుడల్లా నాకు అమెరికాలోని బర్క్‌లీ గుర్తొస్తుంది. అది మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లే యూనివర్సిటీ ఊరు. 1910లో జనాభా 40 వేలు, అంటే మన చిన్న మున్సిపాలిటీ పాటి. ఒకప్పుడు ఉత్తరాలు బట్వాడా చేసిన ఆగస్ట్ వోల్మర్ 1905లో అక్కడ మార్షల్‌గా, అంటే ఊరి పోలీసుల పెద్దగా, ఎన్నికయ్యారు. పెద్దగా చదువుకోలేదు. 1909లో పోలీస్ చీఫ్ అయ్యారు. మధ్యలో సెలవు మీద బయటికి వెళ్లినా 1932 దాకా ఆ కుర్చీ ఆయనదే.

ఆ కాలంలో ఏం చేశారో చూడండి. సిబ్బందిని సైకిళ్లెక్కించారు. కూడళ్లలో ఎర్రదీపాలు వేలాడదీశారు. దీపం వెలిగితే బీటులో ఉన్న కానిస్టేబుల్ దగ్గర్లోని ఫోన్ పెట్టె నుంచి స్టేషన్‌కు మాట్లాడాలి. వైర్‌లెస్ లేని రోజుల్లో! 1908లో పోలీసులకు బడి పెట్టారు. డిగ్రీ చదివినవాళ్లను కానిస్టేబుళ్లుగా తీసుకున్నారు. థర్డ్ డిగ్రీ వద్దన్నారు. 1921లో ఆయన దగ్గర పనిచేసే జాన్ లార్సన్ లై డిటెక్టర్ తయారుచేశారు. (నిందితుడు ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని మన సుప్రీంకోర్టు 2010లో తేల్చింది, అది వేరే సంగతి.)

అదే వోల్మర్ 1923లో ఏడాది కోసం లాస్ ఏంజెల్స్ చీఫ్‌గా వెళ్లారు. మనిషి అదే, బుర్ర అదే. ఆయన తిరిగి రాగానే అక్కడి సంస్కరణలు చాలావరకు అటకెక్కాయి.

ఇక మన సంగతి. మా ఊరి సర్కిల్ ఆఫీసులో పనిచేసిన సీఐల పేర్ల బోర్డు ఉంది. కొన్ని వరుసల్లో వచ్చిన తేదీకీ, వెళ్లిన తేదీకీ మధ్య ఆరు నెలలు కూడా లేవు. పెయింటర్‌కు మాత్రం చేతినిండా పని. ఏ వీధిలో ఎవరు వడ్డీ వ్యాపారం చేస్తారో, ఏ సెంటర్లో సాయంత్రం గొడవలవుతాయో తెలిసేలోపు సార్ పెట్టె సర్దుకుంటారు. ఎమ్మెల్యే గారి లెటర్ లేనిదే పోస్టింగ్ రాదని టీకొట్టు దగ్గర కూడా చెప్పుకుంటారు.

ఎస్పీకైనా, స్టేషన్ అధికారికైనా కనీసం రెండేళ్లు ఇవ్వాలని పోలీసు సంస్కరణలకు సంబంధించిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. ఎక్కువకాలం ఉంటే లోకల్ పెద్దలతో కుమ్మక్కవుతారని కొందరంటారు. నిజమే కావచ్చు. తప్పు చేసినవాణ్ని మధ్యలో తీసెయ్యడానికి ఆ తీర్పు అడ్డు చెప్పలేదు కదా! రెండేళ్లలోపు ఎవరిని కదిలించినా కారణం బదిలీ ఉత్తర్వులోనే రాసి, దాన్ని జిల్లా పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

– ఒక పాఠకుడు