పాయింట్ల ఫొటోలు ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లను ఇకపై కెమెరాలు, సెన్సర్లే తనిఖీ చేస్తాయన్న మాట ఈమధ్య తరచూ వింటున్నాను. ముప్పై రెండేళ్లు పట్టాల వెంట నడిచి రిటైరైనవాణ్ణి. అవి రావాలనే కోరుకుంటాను. రోజూ పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ వంగి చూసేటప్పుడు పాయింటు మీద బండి ఉండదు. సుత్తితో తడితే బోల్టు బిగువుగా ఉందో లేదో చప్పుడే చెబుతుంది, నిజమే. కానీ పాయింటులో కదిలే పట్టా అయిన టంగ్ రైలు, అలాంటి రెండు పట్టాలను కలిపి ఉంచే కడ్డీ అయిన స్ట్రెచర్ బార్ అదిరేది చక్రాల కింద. అప్పుడు మేం పక్కకు తప్పుకుని నిలబడాల్సిందే కదా! పాయింటు తిప్పడానికి మోటారు రోజురోజుకూ ఎక్కువ కరెంటు లాగుతుంటే మా కంటికి ఆనదు, సెన్సర్‌కు తెలుస్తుంది.

నా టెన్షన్ వేరే. ఇంగ్లండ్‌లోని గ్రేరిగ్ దగ్గర 2007 ఫిబ్రవరి 23 రాత్రి పాయింటు పాడై ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఒక వృద్ధురాలు చనిపోయింది. అంతకుముందు ఆదివారం మనిషి చేయాల్సిన తనిఖీ జరగలేదు. 21న పట్టాల కొలతలు తీసే రైలు అదే పాయింటు మీదుగా వీడియో తీస్తూ వెళ్లింది. స్ట్రెచర్ బార్ ఒకటి లేకపోవడం అందులో కనబడుతూనే ఉంది. కానీ ఆ రైలు పని పాయింట్లు చూడటం కాదు, అందుకే ప్రమాదం జరిగేదాకా ఆ వీడియోను ఎవరూ చూడలేదు.

ఒడిశాలోని బహానగా బజార్ రైలు ప్రమాదం సంగతి వేరు. 2023 జూన్ 2న అక్కడ కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ ఇచ్చారు, పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు ఉంది. తప్పు సిగ్నల్ సర్క్యూట్‌లో జరిగింది. పాయింటు ఎటు తిరిగి ఉందో కెమెరా చూసినా, ఆ కబురు సిగ్నలును ఆపగలిగితేనే ఉపయోగం.

ఒకసారి అరిగిపోయిన టంగ్ రైలు గురించి రిజిస్టరులో రాసి, బండ్లు నెమ్మదిగా నడపాలనే కాషన్ ఆర్డర్ పెట్టించాను. కొత్తది వచ్చేసరికి నెలన్నర పట్టింది. అన్నాళ్లూ బండ్లు గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పాకాయి, లేటవుతున్నాయని నేను రోజూ తిట్లు తిన్నాను. ఫొటోలో అదే అరుగుదల కనబడితే బండ్ల వేగం తగ్గించమని చెప్పేదెవరు? తిట్లు తినేదెవరు? టెండరులో కెమెరా నాణ్యత గురించి ఎలాగూ రాస్తారు. ఫొటో ఎన్ని గంటల్లోగా ఎవరు చూడాలో, ఏ లోపానికి వెంటనే కాషన్ ఆర్డర్ ఇవ్వాలో కూడా అందులోనే రాయమని అధికారులకు నా మనవి.

– ఓ రిటైర్డ్ ట్రాక్ సూపర్‌వైజర్, బిట్రగుంట