చెరువుకట్ట గబ్బిలాల కోసం అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్క పల్లె. చెరువుకట్ట చింతచెట్ల మీదుండే గబ్బిలాల గురించి మూడు అర్జీలు ఇచ్చాను సార్, రెండు సోమవారం గ్రీవెన్స్‌లో, ఒకటి ఆఫీసుకి పోయి చేతికి. రసీదులు నా దగ్గరే ఉన్నాయి, మనిషి మాత్రం ఇంతవరకు రాలా.

పోయిన ఏప్రిల్లో పట్టపగలు ఆ చెట్ల కింద టపాసులు పేల్చారు. తల్లులు పిల్లల్ని పొట్టకి కరుచుకుని ఎండలో లేచినాయి, కొన్ని పిల్లలు జారిపోయి కట్ట మీద పడినాయి. నేను పోయేసరికి ఒకదానికి చీమలు పట్టేసున్నాయి, ఇంకా కదలతా ఉంది, ఎత్తితే నా వేలు గట్టిగా పట్టుకుంది, సాయంత్రానికి పోయింది. ఏడాదికి ఒక్క పిల్లని కంటుంది సార్ అది, ఎలకలాగా ఈతకి పది పెట్టేది కాదు.

ఆఫీసులో అడిగితే గబ్బిలం చీడ జంతువు కిందకొస్తది, మేమేం చేయలేం అన్నారు. వన్యప్రాణుల చట్టం 2022లోనే మార్చారు కదా సార్, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ చీడ జంతువుల షెడ్యూలే, అంటే చంపినా కేసు లేని జంతువుల లిస్టే లేదు కదా, ఆ సంగతి కింద ఆఫీసుకి ఎవరు చెప్పాలి?

మారిషస్ దీవిలో మన గబ్బిలానికి దాయాది లాంటిది ఒకటుంది. లీచీ, మామిడి తింటున్నాయని రైతులు గోల పెడితే 2015లో, 2016లో ప్రభుత్వమే వేల లెక్కన కాల్పించింది, 2018కల్లా ఐయూసీఎన్ వాళ్లు, అదే ఏ జంతువు ఎంత ప్రమాదంలో ఉందో లిస్టు రాసే అంతర్జాతీయ సంస్థ, దాన్ని ఇంకో మెట్టు పైకి, అంతరించే ప్రమాదమున్న వాటిలోకి ఎక్కించారు. మనవి ఇంకా ఆ లిస్టులోకి పోలేదు, పోయిందాకా ఆగాలా సార్?

రైతుల్ని నేను తప్పుపట్టను, మా బావకే మామిడితోట ఉంది, కాయ పోతే కడుపు మండుతుంది. వలలకి సబ్సిడీ ఇవ్వండి, వాళ్లే కప్పుకుంటారు. కానీ రాత్రి మర్రి, మేడి, వేప గింజల్ని గుట్టల దాకా మోసుకుపోయేది ఇవే కదా, అదెవరూ లెక్కేయరే!

మళ్లీ పిల్లల కాలం వస్తా ఉంది. ఆ చెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టించండి, టపాసులు ఆపించండి. ఒక్క మనిషిని పంపించండి సార్, ఒక్క మనిషిని, చెట్లు నేను దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఉదయగిరి పక్క ఒక పల్లెవాడు