రాయి రేటు రాశారు, అది దొరికిన చోటు సంగతేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

అంగారక గ్రహం నుంచి వచ్చిన 24 కిలోల పైచిలుకు రాయి 2025 జులైలో న్యూయార్క్ వేలంలో 53 లక్షల డాలర్లు పలికిందని మీ పేపర్లో వచ్చిన వార్త మా గల్ఫ్ వాట్సాప్ గ్రూపులో ఇంకా తిరుగుతూనే ఉంది. మన డబ్బుల్లో 45 కోట్ల పైనే. ఒమన్‌లో ఉన్న మా వైపు కుర్రాళ్లు 'అన్నా, ఎడారిలో నల్లరాయి కనబడితే తెచ్చుకోవచ్చా' అని నన్ను అడుగుతున్నారు, ఎందుకంటే నేను హైమా దగ్గర తొమ్మిదేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చినోణ్ని. ముట్టుకోవద్దు అని చెప్పాను. పర్మిషన్ లేకుండా ఉల్కరాళ్లు దేశం దాటించడం అక్కడ నేరం, అది ఒకటి. ఇంకో సంగతి ఉంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

హైమా చుట్టూ ఉండే జిద్దత్ అల్ హరాసిస్ సినిమాల్లో చూపించే ఇసుక దిబ్బల ఎడారి కాదు, సున్నపురాయి నేల, పీట వేసినంత చదునుగా తెల్లగా ఉంటుంది. ఉల్కలు ఎడారుల్లోనే ఎక్కువ పడతాయని చాలామంది అనుకుంటారు గానీ మన వరి పొలాల్లోనూ అలాగే పడతాయి, కాకపోతే ఇక్కడి వానలకూ బురదకూ వాటిలోని ఇనుము తుప్పు పట్టి మామూలు రాళ్లలో కలిసిపోతాయి. అక్కడ వాన చుక్కే అపురూపం కాబట్టి వేల ఏళ్ల కింద పడ్డవి కూడా మిగిలి ఉంటాయి, ఆ తెల్లనేల మీద నల్లరాయి బండిలోంచే కనబడుతుంది.

2002 జనవరిలో స్విట్జర్లాండ్, ఒమన్ శాస్త్రవేత్తలకు ఒమన్‌లోనే సైహ్ అల్ ఉహైమిర్ అనే చోట 206 గ్రాముల రాయి దొరికింది. గుప్పిట్లో పట్టేంత. అది చంద్రుడి ముక్క! సుమారు 390 కోట్ల ఏళ్ల కింద చంద్రుణ్ని ఏదో భారీగా గుద్దినప్పుడు కరిగి గడ్డకట్టిన రాయి, గత 3,40,000 ఏళ్ల లోపే అక్కణ్నుంచి ఎగిరి వచ్చి, ఇక్కడ పడి సుమారు 9,700 ఏళ్లయిందని తేల్చారు. ఎలాగంటారా? అంతరిక్షంలో ఉన్నన్నాళ్లూ కాస్మిక్ కిరణాల దెబ్బకు రాయిలో కార్బన్-14 లాంటి రేడియోధార్మిక పదార్థాలు పుడుతూ ఉంటాయి. భూమ్మీద పడ్డాక మన గాలి అడ్డుపడి కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోతుంది, ఉన్న కార్బన్-14 5,730 ఏళ్లకు సగం చొప్పున తరుగుతుంది, ఎంత మిగిలిందో చూసి లెక్క కడతారు. దాంట్లో థోరియం అనే రేడియోధార్మిక లోహం విపరీతంగా ఉంది కాబట్టి, చంద్రుడి చుట్టూ తిరిగిన నౌకల మ్యాపులతో పోల్చి, చంద్రుడి మీదున్న లలాండే అనే పెద్ద గుంట దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చని కూడా చెప్పారు. గుప్పెడు రాయి, ఇంత చరిత్ర.

ఇప్పుడు నా ఘనకార్యం. నేనూ ఒక నల్లరాయి తెచ్చాను, బరువుగా ఉందని. క్యాంపులో రెండేళ్లు రూము తలుపుకి అడ్డంగా పెట్టాం, క్యాంపు మారినప్పుడు అదెటు పోయిందో పోయింది. ఉల్కో కాదో దేవుడికెరుక. కానీ ఎక్కడ తీశానో నాకే గుర్తులేదు, ఫోటో లేదు, జీపీఎస్ లేదు. ఒకవేళ ఉల్కే అయినా దాని తోడు ముక్కలు ఎక్కడ పడ్డాయో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. మొరాకో బజార్ల నుంచి వచ్చే చాలా రాళ్లకు 'నార్త్ వెస్ట్ ఆఫ్రికా' అని ఒక నంబరు తగిలిస్తారు చూడండి, ఎక్కడ దొరికిందో సరిగ్గా తెలియదు కాబట్టే ఆ పేరు.

అన్నట్టు, అయస్కాంతం పెట్టి చూడమని యూట్యూబ్‌లో ప్రతివాడూ చెబుతాడు. దయచేసి వద్దు. మొరాకోలో కొన్న 'బ్లాక్ బ్యూటీ' అనే అంగారక రాయిలో వందల కోట్ల ఏళ్ల నాటి అయస్కాంత గుర్తులు దొరుకుతాయని ఆశపడి చూస్తే, ఎవరో చేతి అయస్కాంతం తాకించడంతో అవి చెరిగిపోయి ఉన్నాయని 2023లో తేలింది.

పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో సూడాన్ వాళ్లు చూపించారు. 2008 అక్టోబరు 6న కనిపెట్టిన చిన్న గ్రహశకలం మర్నాడే నూబియా ఎడారి మీద పేలింది, అంతరిక్షంలో ఉండగానే చూసి తర్వాత ముక్కలు ఏరడం అదే మొదటిసారి. డిసెంబరులో ఖార్టూమ్ యూనివర్సిటీ పిల్లలు, మన దగ్గర నాట్లు వేసేవాళ్లలా వరుసకట్టి ఎడారిలో నడిచారు. అప్పుడూ ఆ తర్వాతా కలిపి దాదాపు 600 ముక్కలు, పదిన్నర కిలోలు దొరికాయి. దగ్గర్లోని రైల్వే స్టేషన్ పేరు మీద వాటికి 'అల్మహటా సిట్టా' అని పేరు పెట్టారు, అంటే ఆరో స్టేషన్.

ఇవేవీ రాయకుండా ఒక్క రేటే రాస్తే లాభం ఎవరికంటే, రైస్ పుల్లింగ్ చెంబులు అమ్మినవాళ్లకి. రేపు వాళ్లే ఉల్క అని తారు గడ్డ తెస్తారు, కొనేవాళ్లూ దొరుకుతారు.

ఇంతకీ ఆ 45 కోట్ల రాయి దొరికింది నైజర్ దేశంలో, సహారా ఎడారిలో. దేశం ఎలా దాటిందో తేల్చమని అక్కడి ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. దాని సంగతి కూడా కాస్త వేయండి, లోపలి పేజీలో అయినా సరే.

ఇట్లు,
ఒక పాత ట్యాంకర్ డ్రైవర్,
జగిత్యాల జిల్లా