మా మల్లిని నడిపించిన మీకందరికీ

మా కుక్కపిల్ల మల్లి విషయంలో సాయపడిన వాళ్లందరికీ ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాను, కొందరి ఇళ్లకు వెళ్లి చెప్పాను. అయినా నా తనివి తీరలేదు. మీరు చేసింది పదిమందికీ తెలియాలి. కుక్కపిల్లను కొనాలనుకునే వాళ్లకు మీరు నాకు నేర్పిన విషయాలు అందాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మల్లి లాబ్రడార్ పిల్ల. ఏడో నెల వచ్చేసరికి వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. పడుకుని లేవాలంటే ముందు కాళ్లతో ఒళ్లంతా లాక్కునేది. మెట్ల దగ్గరకొచ్చి ఆగిపోయి మా మొహాలు చూసేది. "ఎదిగే వయసు కదా, అదే సర్దుకుంటుంది" అన్నారు చాలామంది. విశాఖ సీతమ్మధారలో మా పక్క వీధి మాస్టారు మాత్రం సాయంత్రం అది నడిచే తీరు చూసి, "ఎక్స్‌రే తీయించమ్మా, ఆలస్యం చెయ్యకు" అన్నారు. ఆయన పెంచిన కుక్కకూ ఇదే బాధ ఉండేదట. మాస్టారూ, ఆ రోజు మీరు ఆగి ఆ ఒక్క మాట చెప్పకపోతే ఇంకెన్ని నెలలు గడిచిపోయేవో!

ఇక మా డాక్టరమ్మ. గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుకున్న చిన్న వయసు అమ్మాయి. మల్లికి మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు తిన్నగా చాపి ఎక్స్‌రే తీయించింది. తర్వాత ఫిల్మును వెలుతురుకు పట్టుకుని పెన్సిల్ మొనతో చూపించింది. తొడ ఎముక తల గుండ్రంగా ఉండి, తుంటి గిన్నెలో ఒదిగి కూర్చోవాలి. మల్లికి ఆ గిన్నెకు లోతు లేదు, ఎముక తల సగం బయటే ఉంది. దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. పుట్టినప్పుడు కీళ్లు బాగానే ఉంటాయి, ఎదిగేకొద్దీ వదులవుతాయి. ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు కలిసి తెచ్చేది కాబట్టి రక్తపరీక్షతో తేలదు. కొనేముందు మనం అడగగలిగింది తల్లీ తండ్రీ తుంటి ఎక్స్‌రేలు. అవి బాగున్నా పిల్లకు రాదన్న గ్యారంటీ లేదు, కానీ ముప్పు బాగా తగ్గుతుంది. ఇదంతా ఆమె విసుగు లేకుండా, మా అత్తగారికి కూడా అర్థమయ్యేలా చెప్పింది.

ఆపరేషన్ తొందర లేదంది. ముందు బరువు అదుపులో పెట్టాలంది. మల్లి ఏం తింటోందో, ఎంత తింటోందో అడిగి రాసుకుంది. అమ్మినవాళ్లు రాసిచ్చిన కాల్షియం సిరప్ అక్కడికక్కడే మాన్పించింది. పెద్ద జాతి పిల్లలకు మంచి దాణా పెడుతుంటే కాల్షియం దానిలోనే సరిపడా ఉంటుందట. పైగా పోస్తే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుందట. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారని చెప్పింది. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటి కీళ్లకు అరుగుదల ఆలస్యంగా వచ్చింది. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలిని అదుపు చేసే జన్యువులో లోపం ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు కనిపెట్టారట. అందుకని గిన్నె ఖాళీ చేసి మన వైపు చూసిందని కరిగిపోకూడదు. ఇది మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన పని, ఇప్పటికీ.

ఇంకొక్కటి, దయచేసి గుర్తుంచుకోండి. నొప్పిగా ఉంది కదా అని మనం వేసుకునే ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ లాంటి మాత్రలు కుక్కలకు వేయకండి. ప్రాణం మీదకొస్తుంది.

మా ఇంట్లో అన్నీ నున్నటి టైల్సే. మల్లి లేవబోతే వెనక కాళ్లు రెండు వైపులకీ జారిపోయేవి. పై అంతస్తు పిన్నిగారు అది చూసి, కంచరపాలెంలో తనకు తెలిసిన బియ్యం కొట్టు నుంచి గోనెసంచులు తెప్పించారు. రెండేసి పొరలు కలిపి కుట్టి, జారకుండా అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించారు. హాల్లో, వంటగదిలో, గుమ్మం దాకా దారంతా పరిచాం. వాటి మీద మల్లి తనంతట తాను లేచిన రోజు పిన్నిగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పరిస్థితీ అంతే. అరికాళ్ల వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరిస్తే పట్టు ఇంకా బాగా దొరుకుతుందని కూడా ఆవిడే కనిపెట్టారు.

ఆటో తమ్ముడికి కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియడం లేదు. మల్లి ఎక్కడానికని సీటు వెనక ఒక చెక్క పలక ఎప్పుడూ పెట్టుకుని వచ్చేవాడు. వెయిటింగ్‌కు ఒక్క రూపాయి తీసుకోలేదు. కీళ్ల మీద బరువు పడకుండా కండ పెరగాలంటే ఈత మంచిదని డాక్టరమ్మ చెప్పింది. మన బీచ్‌లో అలల లాగుడుకు అది కుదిరే పని కాదు. భీమిలి రోడ్డులో తోట ఉన్న దంపతులు తమ నీళ్ల తొట్టి ఇచ్చారు, లైఫ్ జాకెట్ కూడా వాళ్లే కొన్నారు. అన్నయ్యగారూ, వదినగారూ, మీ రుణం ఎప్పటికీ తీరదు.

అమ్మిన మనిషి సంగతి ఎక్కువ రాయను. ఎక్స్‌రే చూపిస్తే "మా దగ్గర ఇలాంటివి ఎప్పుడూ రాలేదు, కేసీఐ కాగితం ఉంది కదా" అన్నాడు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం వంశం చెబుతుంది, తుంటి సంగతి చెప్పదు. తర్వాత "కావాలంటే ఇంకో పిల్లను తీసుకెళ్లండి, దీన్ని ఇచ్చేయండి" అన్నాడు. మల్లిని ఇచ్చెయ్యడమేమిటి! ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. మద్దిలపాలెం లాయరుగారు మా తరఫున మాట్లాడారు. కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నిబంధనలు ఉన్నాయని నాకు ఆయన చెప్పేదాకా తెలియదు. మల్లితో పాటు అదే కాన్పులో పుట్టిన పిల్లను కొన్న విజయనగరం చెల్లెమ్మ కూడా ఎక్స్‌రే తీయించి, తన పిల్లకూ అలాగే ఉందని తేలాక మాతో నిలబడింది. చివరికి ఆ తల్లి కుక్కను ఇక ఈనించనని అతను రాసిచ్చాడు. నాకు డబ్బు కంటే ఇదే ముఖ్యం. లాయరుగారూ, ఫీజు మాటెత్తితే మీరు కోప్పడ్డారు. నేను మర్చిపోను.

మల్లికి పూర్తిగా నయం కాదు. చలికాలం పొద్దున్నే ఇంకా బిగుసుకుపోతుంది, ముందు ముందు ఆపరేషన్ కావాల్సి రావచ్చు. కానీ ఇప్పుడు నడుస్తోంది, పిన్నిగారి గొంతు వినిపిస్తే గుమ్మం దాకా తనే వెళుతోంది.

మీలో ఎవరి పిల్ల అయినా ఇలా నడుస్తుంటే మా ఇంటికి రండి. ఎక్స్‌రేలు చూపిస్తాను, గోనె పట్టాలు ఇంకో నాలుగు కుట్టించి ఉంచాం, తీసుకెళ్లండి. సాయంత్రం ఆరు దాటాక ఇంట్లోనే ఉంటాం.