ఎరియర్స్ లెక్క గురించి అమ్మాయికి

అమ్మలూ,

ఇక్కడ అందరం క్షేమం. తెనాలిలో ఎండలు ముదిరాయి. ఆవకాయకి కాయ ఎవరి తోటలోది తెప్పించాలని మీ అమ్మా, చిట్టి పిన్నీ వాదులాడుకుంటున్నారు. నువ్వు ఏసీ కింద కూర్చోకు, కీళ్లు పట్టేస్తాయి. మందు తిన్నాకే వేస్తున్నావా?

నీ జబ్బు పింఛను బాకీ మీద అమెరికా సోషల్ సెక్యూరిటీ వాళ్లిచ్చిన కాగితాలు చిన్నోడు పంపాడు. సర్వీసంతా ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి కదా, ఎరియర్స్ లెక్క కనిపిస్తే ఊరుకోలేను. నిన్ను మోసం చేశారని పిన్నితో అన్నావట. ఆ తర్వాత ఫోనే లేదు. మోసం కాదు తల్లీ. ఎస్‌ఎస్‌డీఐ, ఎస్‌ఎస్‌ఐ అనే రెండు పద్దులకీ రావాల్సింది విడివిడిగా కట్టుకుని, రెండూ కూడేసుకున్నావు.

ఎస్‌ఎస్‌డీఐ నీ జీతంలో పట్టుకున్న పన్ను మీద వచ్చే జబ్బు పింఛను. జబ్బు మొదలయ్యాక 5 పూర్తి నెలలకి ఏమీ ఇవ్వరు. ఎస్‌ఎస్‌ఐ బీదవాళ్లకిచ్చేది. దానికి ఆ ఆగడం లేదు, అప్లికేషన్ పెట్టిన మరుసటి నెల నుంచి లెక్క. అందుకే మొదటి నెలలకి నీకు 2025 రేటు, నెలకి 967 డాలర్లు, పూర్తిగా కట్టారు. ఎస్‌ఎస్‌డీఐ 700 చేతికి రావాల్సిన నెల నుంచి కథ మారింది. అందులో 20 వదిలేసి 680 నీ ఆదాయం అంటారు. 967లో అది పోతే ఎస్‌ఎస్‌ఐ 287. ఆలస్యమైంది కదా అని ఆ నెలలకి రెండూ పూర్తిగా ఇస్తే, వేళకి అందుకున్నవాళ్లకంటే నీకే ఎక్కువ ముడుతుంది. ఆ కోతనే విండ్‌ఫాల్ ఆఫ్‌సెట్ అంటారు. లాయరు ఫీజు వేరే పోయింది. పాత బాకీలో 25 శాతం, 2025 లెక్కన 9,200 డాలర్లకి మించకూడదు. సరిచూసుకో.

హోటల్ కోసం నీ స్నేహితురాలు అడిగిన అప్పు సంగతి నేను అడగను. నీ డబ్బు, నీ ఇష్టం.

పెదనాన్నకి పీఆర్సీ ఎరియర్స్ పడ్డప్పుడు నువ్వు ఇంకా పాకుతున్నావు. సాయంత్రానికి మన అరుగు మీద చోటు లేదు. ఒకడికి ఎద్దు చచ్చిపోయింది, ఒకడి కూతురికి పురుడు, ఇంకొకడు ఊరికే కూర్చుని కాఫీ తాగి, లేచేటప్పుడు అడిగాడు. పెదనాన్న లేదనలేడు. పెద్దమ్మ పద్దుల పుస్తకంలో ఎర్ర సిరాతో పేర్లు రాసింది. మిగిలినదాంతో బోరు వేయిస్తే రాయి తగిలింది. పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది, ఒక్క పేరు ఎదురుగా కూడా జమ లేదు. చచ్చిపోయిన ఎద్దు మాత్రం తర్వాత దుగ్గిరాల దారిలో బండి లాగుతూ కనిపించింది.

సరే, అడగనన్నాను. కానీ ఇది విను. ఎస్‌ఎస్‌డీఐ బాకీ ఒకేసారి వేస్తారు. ఎస్‌ఎస్‌ఐది మాత్రం నెల రేటుకి మూడింతలు చేరితే, ఆరేసి నెలల తేడాతో మూడు విడతల దాకా ఇస్తారు. అద్దె, మందుల బాకీలుంటే విడత పెంచమని అడగొచ్చు. వచ్చిన బాకీ డబ్బుని 9 నెలలే ఆస్తి కింద చూడరు. ఆ తర్వాత ఖాతాలో 2,000 దాటితే ఎస్‌ఎస్‌ఐ ఆగిపోతుంది. అప్పిచ్చావనుకో, ఆవిడ రాసిచ్చిన నోటు కూడా నీ ఆస్తిగా లెక్కకి రావచ్చు. చేతిలో డబ్బుండదు, నెలనెలా వచ్చేదీ ఆగుతుంది! 46 ఏళ్లలోపు జబ్బు మొదలైనవాళ్లు 2026 జనవరి నుంచి ఏబుల్ అని, ఇలాంటివాళ్లు డబ్బు దాచుకునే ఖాతా తెరవొచ్చు. లక్ష డాలర్ల దాకా అందులో ఉన్నా ఎస్‌ఎస్‌ఐకి అడ్డు రాదు. ముందు అది చూడు.

లెక్క తప్పనిపిస్తే నోటీసు అందాక 60 రోజుల్లో అప్పీలు చేయొచ్చు. చిన్నోడు తీసిన ఫొటోలో తేదీ సగం తెగిపోయింది. ఆదివారం ఫోన్ చేసి చదివి వినిపించు. ఆవిడకి చెక్కు రాయకముందే చెయ్యి. రాగిపిండి పార్సిల్ పంపాం, పురుగు పట్టకముందే డబ్బాలో పోసుకో.

మీ నాన్న