ఒకే పాట, రెండు పేర్లు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో జపాన్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో హెవీ రాక్ బ్యాండ్ బోరిస్ గురించి ఒక పేరా ఉంది. 2008లో వచ్చిన 'స్టేట్‌మెంట్' అనే సింగిల్‌ను, అంటే విడిగా వేసిన పాటను, చూపించి, ఈ బ్యాండ్ ఒక రికార్డుకీ ఇంకో రికార్డుకీ పొంతన ఉండదని, వీళ్లకంటూ ఒక బాణీ కుదరలేదని వ్యాసకర్త తేల్చేశారు. వారం రోజులుగా ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను టోక్యోలో ఉంటాను. యంత్రాల మాన్యువళ్లు, ఒప్పంద పత్రాలు జపనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి అనువదించడం నా పని. పని ఎక్కువగా రాత్రిళ్లే. తొమ్మిదేళ్ల కిందట ఆఫీసులో ఒకాయన 'స్మైల్' అనే సీడీ చేతిలో పెట్టి, నిద్ర రాకుండా ఉంటుంది, వినండి అన్నారు. బోరిస్ పేరు వినడం అదే మొదలు. ఆ సీడీలో మొదటి పాట పేరు, విదేశీ మాటలకు వాడే కటకానా లిపిలో, 'మెస్సేజి' అని ఉంది. ఏడు నిమిషాల పాట. ఒకే లయ తిరిగి తిరిగి వస్తుంటుంది, దాని మీద గిటార్ మోత విరుచుకుపడుతుంది, మళ్లీ తగ్గుతుంది. మొదటిసారి విన్నప్పుడు పాట ఇంకా మొదలవలేదేమో అనుకుంటూనే సగం వినేశాను. మూడోసారికి కాళ్లు వాటంతట అవే ఆడుతున్నాయి.

కొన్ని నెలల తర్వాత షింజుకులోని డిస్క్ యూనియన్ షాపులో పాత రికార్డులు తిరగేస్తుంటే ఏడంగుళాల 'స్టేట్‌మెంట్' దొరికింది. అమెరికాలో సదరన్ లార్డ్ కంపెనీ వేసినది, వెనకవైపు 'ఫ్లోర్ షేకర్' ఉంది. ఇంటికొచ్చి పెట్టాను. సూది ఆనీ ఆనగానే గిటార్ పరుగు. ఊపిరి తీసుకునే సందు లేదు. మూడున్నర నిమిషాల్లో అయిపోయింది. ఈ పాట నాకు తెలుసే అనిపించింది, ఎక్కడ విన్నానో మాత్రం తట్టలేదు. రెండోసారి పెట్టినప్పుడు గొంతు ఎత్తుకున్న తీరు పట్టిచ్చింది. ఇది మెస్సేజే!

అదే పాట. జపాన్‌లో ఒక పేరు, అమెరికాలో ఇంకో పేరు. నిడివి సగానికి సగం తేడా. జపాన్‌లో డివ్‌ఫాలాంక్స్ కంపెనీ వేసిన 'స్మైల్' ఆల్బమ్‌ను యూ ఇషిహారా మిక్స్ చేశారు, అంటే గొంతు, వాద్యాల పాళ్లు కుదిర్చారు. అమెరికాలో వచ్చిన 'స్మైల్' మిక్స్ వేరు, పాటల వరస వేరు, కొన్ని పాటల పేర్లూ వేరు. మీ వ్యాసకర్త విన్నది అమెరికా రూపం ఒక్కటే అని ఆ పేరా చదివితే తెలిసిపోతుంది.

నా పని అనువాదం కాబట్టి నాకు ఆ పేర్ల దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. జపనీస్‌లో 'మెస్సేజి' అన్నది ఇంగ్లిష్ నుంచి వచ్చి స్థిరపడిన మాటే. అమెరికా వాళ్ల కోసం దాన్ని మార్చాల్సిన అవసరమే లేదు, యథాతథంగా అర్థమవుతుంది. అయినా మార్చారు. సందేశం పంపాలంటే అవతల ఒక మనిషి ఉండాలి, అందేదాకా ఆగాలి. ప్రకటన అలా కాదు, నిలబడి చెప్పేసి వెళ్లిపోవచ్చు. ఆ ఏడు నిమిషాల పాట ఆగి చూస్తుంది, ఈ మూడున్నర నిమిషాల పాట చెప్పేసి పోతుంది. బ్యాండ్ ఇదంతా ఆలోచించే పేరు మార్చిందని నేను అనడం లేదు. నా చెవికి వినిపించింది అది. ఒప్పంద పత్రంలో ఒక్క మాట కోసం రెండు గంటలు కొట్టుకునేదాన్ని, పేరు మారితే పాటంతా మార్చుకున్న మనుషులను చూసి నాకు చాలా గౌరవం కలిగింది.

బాణీ లేదన్న మాటకు వస్తాను. బోరిస్ 1992లో టోక్యోలో మొదలైంది. అమెరికన్ బ్యాండ్ మెల్విన్స్ పాట పేరునే తమ పేరుగా పెట్టుకున్నారు. 1996లో డ్రమ్మర్ వెళ్లిపోతే, అప్పటిదాకా పాడుతూ వచ్చిన అట్సువో డ్రమ్స్ ముందు కూర్చున్నారు. బేస్, గిటార్ వాయించే టకేషి, గిటార్ వాయించే వాటా, డ్రమ్స్ మీద అట్సువో, ఈ ముగ్గురితోనే ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. వాళ్ల మొదటి ఆల్బమ్ 'అబ్సల్యూటెగో'లో ఉన్నది గంటసేపు సాగే ఒకే ఒక్క పాట. 2000లో వచ్చిన 'ఫ్లడ్' నాలుగు భాగాలు, డెబ్బై నిమిషాలు. 2005లో వచ్చిన 'పింక్'లో మంచులాంటి నెమ్మది పాట ఒకటి ముగియగానే తలుపులు బద్దలు కొట్టే వేగం. 2011లో అయితే ఒకే ఏడాది మూడు ఆల్బమ్‌లు వేశారు. వాటిలో 'అటెన్షన్ ప్లీజ్' అంతా వాటా పాడారు, మెత్తగా, దాదాపు చెవిలో చెప్పినట్టు.

ఇంకో సంగతి. ఈ బ్యాండ్ తన పేరును ఇంగ్లిష్‌లో రెండు రకాలుగా అచ్చు వేసుకునేది. రాక్ పాటల రికార్డు అయితే పెద్ద అక్షరాలు, ప్రయోగాలైతే చిన్న అక్షరాలు. అట్ట మీదే ముందుగా చెప్పేవాళ్లు. బాణీ కుదరనివాళ్లు చేసే పనా ఇది?

మూడేళ్ల కిందట టోక్యోలో ఒక చిన్న కచేరీ హాల్లో, అక్కడివాళ్లు అనే లైవ్ హౌస్‌లో వాళ్లను చూశాను. టికెట్ కాక గుమ్మం దగ్గర డ్రింక్ కోసం 600 యెన్‌లు కట్టించుకున్నారు, అక్కడ అది మామూలే. ఇయర్ ప్లగ్స్ పెట్టుకున్నా గిటార్ మోత పక్కటెముకల్లో తెలిసింది. వేదిక నిండా పొగ. అట్సువో వెనక పెద్ద జేగంట వేలాడుతోంది. టకేషి మెడలో బేస్, గిటార్ రెండూ కలిసిన రెండు మెడల వాద్యం. ఏ పాటకు ఏది కావాలంటే చేయి అటు వెళ్తుంది, వాద్యం మార్చుకోవడం ఉండదు. వాటా మాత్రం ముఖంలో ఏ కదలికా లేకుండా నిలబడి, తీగ మీద చిన్న పరికరం పట్టుకుని, మీటకుండానే ఒక స్వరాన్ని అలా సాగదీస్తూ ఉన్నారు. ఆ స్వరం నెమ్మది పాటలోనూ అదే, వేగం పాటలోనూ అదే. కళ్లు మూసుకున్నా అది వాటా గిటారేనని చెప్పగలను. నేనైతే బాణీ అని దాన్నే అంటాను.

'స్మైల్'లో ఇంకో పాట గురించి కూడా చెప్పాలి. 1971లో పీవైజీ అనే జపాన్ బ్యాండ్ పాడిన 'హానా తైయో ఆమె', అంటే పువ్వు, సూర్యుడు, వాన. దాన్ని బోరిస్ మళ్లీ పాడారు. మా ఆఫీసులో ఆ సీడీ ఇచ్చినాయన వయసు అప్పటికి అరవై దాటింది. పీవైజీ పాట ఆయన కుర్రతనంలో రేడియోలో విన్నదట. హెవీ రాక్ ఆయన వినరు. ఈ ఒక్క పాట కోసమే ఆ సీడీ కొన్నారు.

మీ వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. తెలుగు పత్రికలో బోరిస్ పేరు కనబడటమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. నా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం ఆ పేరాకు ఒక సవరణ వేయండి, పాట జపాన్ పేరు కూడా ఇవ్వండి. వ్యాసకర్తను రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి వినమనండి. జపాన్ సీడీలో అది మొదటి పాట. అమెరికా సీడీలో నాలుగోది.

ఇట్లు,
ఒక అనువాదకురాలు,
టోక్యో